ఎనభై నాలుగు గింజలు

శుక్రవారం ఉదయం ఎనిమిదీ నలభైకి డుమిసాని జోండీ నా ఎదురుగా కూర్చున్నాడు. మధ్యాహ్నం రెండింటికి అతణ్ణి కోర్టులో నిలబెట్టాలి. పెళ్ళాన్ని కొట్టి చంపాడని అభియోగం. బెయిలు దొరకదు, ఆ అభియోగం రుజువైతే ఇరవై ఏళ్ళకి తక్కువ పడదు. వయసు ముప్పై ఒకటి.

నిజానికి కేసు నాది కాదు. మా జులూల ఊరు ఎంసింబిని పోలీసు స్టేషన్లో హత్య కేసులన్నీ వారెంట్ ఆఫీసర్ సిబియావి. కోర్టుకు వెళ్ళేముందు ఫైల్లో కాగితాలు సరిచూసి, అచ్చుతప్పులు దిద్ది, సంతకాలు లేనిచోట సంతకాలు పెట్టించడం నా పని. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న సార్జెంట్‌కి ఇచ్చే పని అది. సిబియాకి పన్నెండేళ్ళు. నన్ను దాటి వెళ్ళిన రోజున స్టేషనంతా కేకు తిన్నారు, నేనూ ఒక ముక్క తిన్నాను.

కాగితాలు సరిచూడమన్నారు కదా, సరిచూస్తున్నాను.

"చేతులు చూపించు నాయనా."

కలప కోసే మిల్లులో పనిచేసేవాడి చేతులు. అరచేతుల్లో పాత కాయలు. కణుపుల మీద మాత్రం ఒక్క గీరు లేదు. మనిషిని చచ్చేటట్టు కొట్టినవాడి కణుపులు రెండు రోజుల్లో మానవు.

"మంగళవారం రాత్రి షిఫ్టులో ఉన్నావు. బుధవారం పొద్దున మిల్లు గేటు దాటింది ఎప్పుడు?"

"ఐదున్నర."

"ఇంటికి?"

"ఆరు."

"మీ పక్కింటి షబలాలా కారు ఆమెని ఎక్కించుకుని ఆరూ పన్నెండుకి కదిలింది. ఆ పన్నెండు నిమిషాలూ ఏం చేశావు?"

"నేల మీద పడి ఉంది. ముక్కులోంచి రక్తం. పేరు పెట్టి పిలిచాను. పిలుస్తూనే ఉన్నాను."

"కొట్టావా?"

"ముట్టుకోలేదమ్మా."

"మరి ఆదివారం పొద్దున నీ మీద ఎందుకు అరిచింది?"

అంతవరకూ నా కళ్ళలోకి చూస్తున్నవాడు తల దించేశాడు.

"అది మా ఇంటి సంగతి."

"ఇంటి సంగతి ఇంట్లో ఉన్నంతసేపే నాయనా ఇంటి సంగతి. ఇప్పుడది ఫైలుకెక్కింది."

చంపనివాడు 'చంపలేదు' అని గోల చేస్తాడు, చంపినవాడు కథ చెప్తాడు. వీడు రెండూ చెయ్యడం లేదు. ఏదో ఒకటి దాస్తున్నాడు, దానికోసం జైలుకైనా సిద్ధపడుతున్నాడు. అలా దాచుకోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

అతణ్ణి సెల్‌కి పంపి ఫోటోలు ముందేసుకున్నాను. జిబుయిలే జోండీ, ఇరవై ఎనిమిదేళ్ళు. ఆసుపత్రికి చేరింది ఆరూ నలభై ఐదు, పోయింది ఏడూ పదికి. తొడల మీద, నడుం మీద, మోచేతుల దగ్గర కమిలిన మచ్చలు. కొన్ని నల్లగా, కొన్ని పచ్చబడి, కొన్ని పసుప్పచ్చగా. రోజూ కొట్టేవాడి పెళ్ళాం ఒళ్ళు ఇలాగే ఉంటుందని సిబియా రాశాడు. శవపరీక్ష మంగళవారం గానీ జరగదు, మార్చురీలో వరస అంత ఉంది.

నాలుగో ఫోటో దగ్గర నా చెయ్యి ఆగింది. కుడి జబ్బ చుట్టూ ఒక పట్టీలా ఎర్రటి చుక్కలు. సూదిమొనంత చుక్కలు, వందల కొద్దీ, ఒకే వెడల్పున, గాజు తొడిగినట్టు. ఏ మగాడి చెయ్యీ అలాంటి గుర్తు వెయ్యలేదు. అది రక్తపోటు చూసే పట్టీ బిగించిన చోటు. ప్రాణం ఉండగా ఆసుపత్రివాళ్ళు బిగించారు, ఆ పాటి నొక్కుడికే చర్మం కింద రక్తం చిమ్మింది.

పద్నాలుగేళ్ళ కిందట అదే పట్టీ నా జబ్బ మీద చూశాను. మా ఆయన పోయిన నాలుగు నెలలకి, క్లినిక్కులో నర్సు నా చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆ చుక్కలు చూసి, తలుపు వేసి వచ్చింది. హెచ్‌ఐవీ అని ఆవిడ ఆ రోజే చెప్పింది. అప్పటినుంచి రోజుకో బిళ్ళ మింగుతూ బతికాను, బాగానే బతికాను. ఆ సంగతి ఈ స్టేషన్లో పురుగుక్కూడా తెలియదు. బిళ్ళల కోసం రెండు ఊళ్ళు దాటి వెళ్తాను. ఇప్పుడైతే ఇంట్లో దాచాల్సిన అవసరం లేదు, చూడటానికి ఎవరూ లేరు.

సిబియా గుమ్మంలో నిలబడి వేడి వేడి మాగ్విన్యా తింటున్నాడు. నూనె ఓడే ఆ పిండి ఉండలు అతనికి పొద్దున్నే నాలుగు పడాలి.

"ఏంటి పెద్దమ్మా, అచ్చుతప్పులు దొరికాయా?"

"ఒకటి దొరికేలా ఉంది."

"దిద్దెయ్. పన్నెండున్నరకి ఫైలు నా టేబుల్ మీదుండాలి."

*

పక్కింటి షబలాలా బంగారు గనుల్లో ముప్పై ఏళ్ళు చేసి వచ్చినవాడు, అందుకని మనతో మాట్లాడినా గట్టిగానే అరుస్తాడు. అతని వాంగ్మూలమే కేసుకి వెన్నెముక. ఆదివారం ఉదయం ఆరూ పదికి గోడవతలినుంచి జిబుయిలే అరవడం విన్నాడు. 'తూటాలు ఎక్కడ దాచావు? నేను చచ్చిపోతాను' అని ఇంగ్లీషులో రాసి ఉంది. తుపాకీ దొరకలేదు. ఎక్కడో పారేశాడని సిబియా కింద రాశాడు.

మా దగ్గర ఇదొక తంతు. సాక్షి జులూలో చెప్తాడు, కానిస్టేబుల్ జులూలో వింటాడు, కాగితం మీద మాత్రం ఇంగ్లీషు పడాలి. జడ్జీ దాకా వెళ్ళేది ఆ కాగితమే. మనిషి నోట వచ్చిన మాట దారిలోనే పోతుంది.

తొమ్మిదిన్నరకి షబలాలాని నా గదిలో కూర్చోబెట్టాను.

"బాబా, కాగితం పక్కన పెట్టు. ఆమె అన్న మాట అన్నట్టే అను. ఉన్నదున్నట్టు."

"అదేగా చెప్పింది. 'ఇన్‌హ్లంవులు ఎక్కడ దాచావు' అంది."

"ఇన్‌హ్లంవు అనే అందా?"

"నా చెవులు గనిలో పోయాయి గానీ మరీ అంత పోలేదు తల్లీ."

మా భాషలో తూటాకీ అదే మాట, గింజకీ అదే మాట. జొన్నగింజైనా, చెట్టు మీది పండుగింజైనా ఇన్‌హ్లంవే. కానిస్టేబుల్‌కి ఇరవై నాలుగేళ్ళు, మా ఊళ్ళో ట్యాక్సీ ముఠాల కాల్పులు వింటూ పెరిగినవాడు. వాడికి గింజ ఎందుకు గుర్తొస్తుంది?

"తర్వాత?"

"'చచ్చిపోతా...' అంది. చివర వినపడలేదు. మా కుక్క మొరిగింది."

"మరి 'చచ్చిపోతాను' అని ఎవరన్నారు?"

"ఏమో. ఆ పిల్లాడు రాసుకుంటూ 'చచ్చిపోతాను అందా' అన్నాడు. 'అయ్యుంటుంది' అన్నాను. పోలీసు అడిగితే కాదంటామా?"

*

పదింపావుకి జోండీ వాళ్ళ ఇంటికి చేరాను. జూన్ మాకు చలికాలం, గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. వాకిట్లో ఎడమ పక్క మామగారి సమాధి. రాయి మీద పేరు చదివి రెండడుగులు వేశాక వెనక్కి వచ్చి మళ్ళీ చదివాను. ఎంఫిలిసి జోండీ.

జులూ కోడలికి మామగారి పేరు నోట పలకకూడదు. పేరే కాదు, ఆ పేరులోని పలుకున్న మాటేదీ పలకకూడదు. మామగారు పోయినా సరే. మా మామగారి పేరు మాంజీ. నీళ్ళని మేం 'అమాంజీ' అంటాం. కాపురానికి వెళ్ళిన మొదటి వారంలో వంటపాక అంటుకుంది. అందరూ నీళ్ళు నీళ్ళని అరుస్తుంటే నేను మాట దొరక్క 'తడిది తెండి, తడిది తెండి' అని గంతులు వేశాను. మా ఆయన బతికున్నన్నాళ్ళూ అది చెప్పి నవ్వేవాడు. ఇప్పుడా మాట తెలిసిన మనిషే లేడు.

బిళ్ళని మేం 'ఇఫిలిసి' అంటాం. ఎంఫిలిసి కోడలు ఆ మాట ఎలా అంటుంది?

చావింటి ముందు గదిలో సామానంతా తీసేశారు. నేల మీద పరుపు, పరుపు మీద దుప్పటి కప్పుకుని అత్తగారు, తల దగ్గర కొవ్వొత్తి. దుఃఖం పాటిస్తూ పరుపు మీద కూర్చున్న మనిషితో గట్టిగా మాట్లాడకూడదు. బూట్లు విప్పి పక్కన కూర్చున్నాను.

"అవ్వా, మీ ఇంట్లో తలనొప్పికి వేసుకునేదాన్ని ఏమంటారు?"

ముసలామె నా వైపు వింతగా చూసింది. "పోలీసువాళ్ళు ఇలాంటివి కూడా అడుగుతారా?"

"నేనూ ఒకింటి కోడలినే అవ్వా. నన్ను మాదుబే అంటారు."

పుట్టింటి పేరు చెప్పేసరికి ఆమె మొహం కాస్త మెత్తబడింది. "డుమిసాని అసలు మాటే అంటాడు. వాడికేం, కొడుకు. నేనూ కోడలూ గింజ అంటాం. డుమిసాని తండ్రి పేరు అందులో ఉందిగా."

"కోడలు బయట కూడా అలాగే అనేదా?"

"దుకాణంలో కూడా 'తలనొప్పి గింజ ఇవ్వండి' అనేది. కొట్టువాడు నవ్వేవాడు. ఈ కాలం పిల్లలెవరు పాటిస్తారమ్మా ఇవన్నీ? ఇది పాటించింది." దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా కొడుకు దాన్ని కొట్టలేదు. వాడు కోడిని కొయ్యమంటేనే పక్కింటికి పంపుతాడు."

కోడలి బట్టలున్న పెట్టెని వెనక గదిలోకి జరిపారు. సిబియా మనుషులు పైనుంచి కింద దాకా వెతికి జాబితా రాశారు. జాబితాలో చివరి వస్తువు 'ఆడవాళ్ళ సామాను, ఒక ప్యాకెట్'. నెలసరి ప్యాడ్ల ప్యాకెట్. ముగ్గురు మగ పోలీసులు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పక్కన పెట్టి ఉంటారు. నేనైతే మొదట అదే చూస్తాను, ఎందుకంటే అత్తవారింట్లో ఉన్న మొదటి మూడేళ్ళూ నేను దాచింది కూడా అందులోనే.

ప్యాడ్ల కింద మూడు తెల్ల సీసాలు, మూడూ ఖాళీ. ఊపినా గలగలమనకుండా మూతకింద దూది. దూది మధ్యలో మడిచిన క్లినిక్ కార్డు.

ఏప్రిల్ పది: మూడు సీసాలు, సీసాకి ఇరవై ఎనిమిది, మొత్తం ఎనభై నాలుగు. మళ్ళీ రావలసిన తేదీ జులై మూడు. మధ్యలో ఇంకో గీత, వేరే చేతిరాత. 'మే ఇరవై రెండు. ముందే అయిపోయాయని వచ్చింది. ఎందుకో చెప్పలేదు. తేదీకి రమ్మన్నాం.'

ఏప్రిల్ పది నుంచి మే ఇరవై రెండుకి నలభై రెండు రోజులు. ఎనభై నాలుగులో సరిగ్గా సగం.

రోజుకి ఒకటి తినాల్సిన చోట రోజుకి రెండు ఖర్చయ్యాయి. ఆ సీసాలు ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఒకే మంచం, ఒకే కప్పు కింద ఇద్దరు మనుషులు, మధ్యలో దూది కుక్కిన సీసా. నా ఇంట్లోనూ ఒకప్పుడు ఇంతే. మా ఆయన తనదేదో నాకు చెప్పకుండానే పోయాడు. చెప్పి ఉంటే కలిసి క్లినిక్కుకి వెళ్ళేవాళ్ళం, ఇవాళ్టికీ కలిసి టీ తాగుతూ ఉండేవాళ్ళం. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

*

పదకొండూ ఇరవైకి ఆసుపత్రికి ఫోన్ చేశాను. బుధవారం ఉదయం డ్యూటీలో ఉన్న చిన్న డాక్టర్ దొరికాడు.

"ఆరూ యాభైకి రక్తం తీశారు కదా. ఫలితం వచ్చిందా?"

"వచ్చింది మేడమ్. ఆమె పోయాక వచ్చింది. మీవాళ్ళు కొట్టిన కేసన్నారు, అందుకని..."

"ప్లేట్‌లెట్లు ఎన్ని?"

కాగితాల చప్పుడు.

"నాలుగు వేలు."

"ఉండాల్సింది లక్షన్నర."

"అవును. రక్తం గడ్డకట్టించేవే లేవన్నమాట. ఈ స్థితిలో తలలో దానంతటదే రక్తం చిమ్మొచ్చు. దెబ్బే అక్కర్లేదు."

"మచ్చలు?"

"మంచం కోడు తగిలినా కములుతుంది. దోమ కుట్టిన చోట గోకినా కములుతుంది."

తర్వాత కార్డు మీదున్న నంబరుకి చేశాను. నర్సు మొదట రోగి సంగతి చెప్పకూడదంది. రోగి చనిపోయిందని చెప్పాక ఫోన్లోనే ఏడ్చింది.

"మూడేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు పద్నాలుగు వేలున్నాయి. చిగుళ్ళలోంచి రక్తం. ఈ జబ్బులో కొందరికి అంతే సార్జెంట్. ఒంటిని కాపాడాల్సినవే ప్లేట్‌లెట్లని పరాయివనుకుని తినేస్తాయి. కంచే చేను మేసినట్టు. బిళ్ళలు మొదలుపెట్టాక రెండు లక్షలకి ఎక్కింది. బిళ్ళలు ఆపితే మళ్ళీ పడతాయని చెప్పాను. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మే నెలలో వచ్చినప్పుడు నేను సెలవులో ఉన్నాను."

*

పన్నెండూ పదికి అన్నీ సిబియా టేబుల్ మీద పరిచాను. ఫోటో, ఖాళీ సీసాలు, కార్డు, డాక్టర్ చెప్పిన అంకె.

"ఆమె తూటాలు అనలేదు. బిళ్ళలు అంది. మామగారి పేరు ఎంఫిలిసి."

మూర్ఖుడైతే సుఖంగా ఉండేది. సిబియా మూర్ఖుడు కాదు. రెండు నిమిషాలు కార్డు చూశాడు, నోట్లోది మింగి, రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"పెద్దమ్మా, నువ్వు ఇక్కడ కాగితాలు దిద్దడం ఏంటి? దండగ. శభాష్."

"కొట్టలేదని ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా. కొట్టలేదు." కుర్చీలో ముందుకి వంగాడు. "మందు దాచాడు. మందు లేకపోతే పెళ్ళాం చస్తుందని తెలిసి, సగం బిళ్ళలు మాయం చేశాడు. ఆమె అడిగింది. ఎక్కడ దాచావు, చచ్చిపోతాను అని కాళ్ళా వేళ్ళా పడింది. వీడు ఇవ్వలేదు. కొట్టి చంపితే కోపంలో చేశాడంటారు. ఇది నెలరోజులు చూస్తూ చూస్తూ చంపడం. దీనికి ఇరవై కాదు, యావజ్జీవం."

పొద్దున్నుంచి నేను విప్పుతున్నాననుకున్న ముడి, నా చేతులతో నేనే ఇంకా బిగించాను.

"దాచినవాడు సరిగ్గా రోజుకొకటి దాస్తాడా? ఎనభై నాలుగులో సగం. అతను తిన్నాడు సిబియా. అతనికీ అదే జబ్బు."

"అన్నాడా?"

"అనడు."

"రక్తపరీక్షకి ఒప్పుకున్నాడా?"

"ఇంకా అడగలేదు."

"అడుగు. ఒప్పుకుని, నోటితో చెప్తే రాసుకుంటా, ప్రాసిక్యూటర్‌తో నేనే మాట్లాడతా. నేనేం రాక్షసుణ్ణి కాదు. చెప్పకపోతే రెండింటికి కొత్త అభియోగం." లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "అవునూ, ఆ ఎర్రచుక్కల సంగతి డాక్టర్‌కే తట్టలేదు. నీకెలా తట్టింది?"

"ఎక్కడో చదివాను."

"ఎక్కడ?"

"గుర్తులేదు."

నవ్వాడు. పోలీసు నవ్వు. అబద్ధం విన్నానని చెప్పే నవ్వు.

*

పన్నెండూ యాభైకి సెల్‌లోకి వెళ్ళి డుమిసాని పక్కనే సిమెంటు అరుగు మీద కూర్చున్నాను. కంచంలో పెట్టిన ఫూతు, మొక్కజొన్నపిండి పొడిపొడిగా వండింది, అలాగే ఉంది.

"ఏప్రిల్ నుంచి జిబుయిలే బిళ్ళలు సగం నువ్వు తిన్నావు."

గోడవైపు తిరిగాడు.

"చెప్పకపోతే మందు దాచి చంపావంటారు. జీవితాంతం లోపలే. మీ అమ్మ పరుపు మీదనుంచి లేచేసరికి ఆ ఇంట్లో ఎవరూ ఉండరు."

"చెప్తే?" గొంతు బొంగురుపోయింది. "చెప్తే మిల్లులో ఎవడు నా పక్కన నిలబడతాడు? నా గ్లాసుతో ఎవడు తాగుతాడు? పెళ్ళాం మందు తినేసి దాన్ని చంపినవాడని పాట కడతారు. అంతకంటే కొట్టి చంపానని రాసుకోండి. కొట్టేవాళ్ళు మిల్లులో చాలామంది ఉన్నారు, అందరూ మర్యాదగానే బతుకుతున్నారు."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు. మాట నిజమైనందుకు.

"నాకూ ఉంది" అన్నాను.

తిరిగి చూశాడు.

"పద్నాలుగేళ్ళు. రోజూ పొద్దున ఐదింటికి ఒక బిళ్ళ. నీ పెళ్ళాం జబ్బ మీదున్న చుక్కలు నా జబ్బ మీద కూడా వచ్చాయి. అందుకే గుర్తుపట్టాను."

ఆ మాట గట్టిగా ఒక మనిషితో అనడం అదే మొదటిసారి. చాలా పెద్దదేదో జరుగుతుందనుకున్నాను. పక్క సెల్‌లో ఎవడో తుమ్మాడు, అంతే.

డుమిసాని మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. మాటలు నేలకేసి వచ్చాయి.

"నేను దొంగతనంగా తినలేదమ్మా. ఏప్రిల్లో నేను దగ్గి దగ్గి చిక్కిపోతుంటే తనే కనిపెట్టింది. ఒక రాత్రి అన్నం దగ్గర ఒక బిళ్ళ నా కంచంలో, ఒకటి తన కంచంలో పెట్టింది. నిలదియ్యలేదు. 'నువ్వు క్లినిక్కుకి వెళ్ళే ధైర్యం తెచ్చుకునేదాకా' అంది. క్లినిక్కు మిల్లు లారీలు పోయే దారిలో ఉంది. రేపెళ్తా, ఎల్లుండెళ్తా అంటూ వచ్చాను."

"మేలో అయిపోయాక?"

"ఎవరో స్నేహితురాలి దగ్గర కొన్ని అడిగి తెచ్చింది. రోజూ నాకొకటి ఇచ్చేది. 'నాది పొద్దున్నే వేసుకున్నా' అనేది. పోయిన వారం మంగళవారం తన వీపు మీద నీళ్ళు పోస్తుంటే మచ్చలు చూశాను. పెట్టె వెతికితే సీసాలన్నీ ఖాళీ. అప్పుడర్థమైంది, తనకి ఒక్కటీ ఉంచుకోలేదు. ఆ రోజునుంచి నాకిచ్చిన ఐదూ నేను మింగకుండా తీసి దాచాను, తనతో మింగిద్దామని. ఆదివారం పొద్దున నా కంచం కింద బిళ్ళ దొరికింది తనకి."

"అందుకని అరిచింది."

"'గింజలు ఎక్కడ దాచావు, చచ్చిపోతావు' అంది. చచ్చిపోతావు. నన్ను." అప్పటిదాకా రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. "ఐదూ చేతిలో పెడితే ఒక్కటీ మింగలేదు. బుధవారం ఇద్దరం కలిసి క్లినిక్కుకి వెళ్దాం, నేను షిఫ్టు దిగి రాగానే, అని ఒట్టు వేయించుకుంది. మంచి చీటీ గౌను ఇస్త్రీ చేసి పెట్టుకుంది. బుధవారం నేను వచ్చేసరికి..."

నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. ఎంతకాలమైందో ఒక మనిషి వీపు మీద చెయ్యి వేసి. ఎముకలు తగిలాయి.

ఒకటీ ఇరవై.

"ఇదే సిబియాకి చెప్పు. పరీక్షకి ఒప్పుకో. ఇంకేం అక్కర్లేదు."

చాలాసేపు మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుని నన్ను సూటిగా చూశాడు. ఆ చూపులో మొదటిసారి కాస్త కోపం కనిపించింది.

"మీ స్టేషన్లో తెలుసా, మీ సంగతి?"

"తెలియదు."

"పద్నాలుగేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నాకు చెప్పారు. ఎందుకంటే నేను రేపో మాపో జైలుకి పోయేవాణ్ణి. గోడకి చెప్పినట్టే కదా? అవతల ఉన్నవాళ్ళకి చెప్పగలరా అమ్మా? మీకే నోరు రానిది నాకెలా వస్తుంది?"

నాకు పెన్షన్ ఉంది, వయసు ఉంది, నీ కేసు వేరు, నా కేసు వేరు. నోటిదాకా వచ్చినవన్నీ సిగ్గుమాలిన మాటలే.

"మీరు ముందు చెప్పండి" అన్నాడు. "మీ వెనక నేను చెప్తాను."

ఊచల తలుపు తీసి, అతణ్ణి మోచెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ ముందు హాల్లోకి వచ్చాను. భోజనాల వేళ. ఆరుగురు కానిస్టేబుళ్ళు, ఫిర్యాదు రాయించడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, వాచీ చూసుకుంటూ సిబియా. ఎవరో ఏదో జోకు వేశారు, నవ్వుతున్నారు. నన్ను చూసి సిబియా లేచాడు.

"ఒకటిన్నర. ఏమన్నా చెప్తాడా?"

"చెప్తాడు. కుర్చీ లాక్కో సిబియా, పెన్ను తీసుకో" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. హాల్లో నవ్వు ఆగిపోయింది. "పొద్దున ఆ చుక్కలు ఎలా గుర్తుపట్టానని అడిగావు కదా. అతనిది తర్వాత. ముందు నాది రాసుకో."